ఓమ్నీ వ్యానూ, పదిహేనేళ్ళ లెక్కా

నాదీ మా ఇంట్లో ఉన్న మారుతీ వ్యానుదీ ఒకే వయసు. ఇద్దరం 1997 మోడలే. కాకపోతే నేను ఇంకా పనికొస్తానా లేదా అని అయిదేళ్ళకోసారి ఎవరూ పరీక్ష పెట్టరు, దానికి పెడతారు. 2012లో, 2017లో, 2022లో మూడుసార్లు పాసయింది. మళ్ళీ 2027లో వెళ్ళాలి. వెళ్ళాలా, తుక్కు కింద అమ్మెయ్యాలా అన్న చర్చ మా ఇంట్లో ఇప్పట్నుంచే నడుస్తోంది. నాన్న ఒక పక్క, అమ్మా చెల్లీ ఇంకో పక్క. "నువ్వు ఇంజనీరువి కదా, నువ్వే చెప్పు" అని తీర్పు నా మీద పెట్టారు. (నేను రాసేది సాఫ్ట్‌వేర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్ళకి ఇంజనీరంటే ఇంజనీరే :))

తీర్పు చెప్పేముందు కేసు చదవాలి కదా. చదువుతూ పోతే నాకు అర్థమైంది ఏంటంటే, ఒక పాత బండి ఎన్నాళ్ళు బతుకుతుందన్నది బండి బయట జరిగే సంగతుల మీద చాలా ఆధారపడి ఉంటుంది. జపాన్ పన్నుల రూలు ఒకటి, న్యూయార్కు హోటల్లో జరిగిన ఒప్పందం ఒకటి, ఢిల్లీలో రాసిన చట్టం ఒకటి, మా మెకానిక్ బాబాయ్ చేతిలో ఉన్న పానాలు ఒకటి. ఈ నాలుగూ కలిస్తేనే మా వ్యాను ఇన్నాళ్ళు నడిచింది. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది జపాన్ రూలు. అక్కడ "కెయ్" అని చిన్నబళ్ళ తరగతి ఒకటుంది. కొలతలు ఒక హద్దు దాటకపోతే పన్నులు తక్కువ. 1976లో ఆ హద్దుని 550 సీసీ ఇంజను, 3.2 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పుగా పెట్టారు. అంత చిన్న పెట్టెలో వీలైనంత సామాను పట్టాలంటే బండికి ముక్కు ఉండకూడదు. అందుకని ఇంజన్ని ముందు సీట్ల కిందకి తోసేశారు. అలా తయారైందే సుజుకీ క్యారీ. 1979లో వచ్చిన క్యారీయే మన వ్యానుకి అమ్మ. మే నెలలో ఓమ్నీ ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకి కింద కాలేది జపాన్ వాళ్ళ పన్ను ఆదా అన్నమాట.

అది మన దగ్గరికి ఎలా వచ్చిందంటే, 1981లో కేంద్ర ప్రభుత్వం మారుతీ ఉద్యోగ్ పెట్టింది. 1982 అక్టోబరు 2న సుజుకీతో ఒప్పందం కుదిరింది, 26 శాతం వాటాతో. 1983 డిసెంబరు 14న మొదటి మారుతీ 800 బయటికొచ్చింది. 1984లో వ్యాను వచ్చింది. 800కి పెట్టిన 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్నే దీనికీ పెట్టారు. 1988లో దానికి ఓమ్నీ అని పేరు మార్చారు గానీ మన జనం ఎవరూ పట్టించుకోలేదు. గుంటూరు జిల్లాలో ఇవాళ్టికీ అది "మారుతీ వ్యానే".

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో కూడా కుటుంబాల కోసం వ్యాన్లు మొదలయ్యాయి. దివాలా అంచుకి వెళ్ళి, ప్రభుత్వం పూచీ పడ్డ అప్పులతో బయటపడిన క్రైస్లర్ కంపెనీ 1983 చివర్లో మినీవ్యాన్ దింపింది. రెండింటికీ పక్కకి జారే తలుపే, రెండూ కుటుంబాల బళ్ళే. కానీ క్రైస్లర్ వాళ్ళు కారు పునాది మీద, పిల్లలున్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని గీసుకున్నారు. మనది సామాను బండి. అందులో సీట్లు వేసి, ఎక్కండి అన్నారు. మనం ఎక్కాం! అయిదుగురి బండిలో ఎనిమిదిమందిమి, ఎనిమిదిమంది బండిలో పన్నెండుమందిమి. బడికి అదే, పెళ్ళికి అదే, అంబులెన్సూ అదే. సినిమాల్లో హీరోయిన్ని ఎత్తుకెళ్ళడానికీ అదే.

మా నాన్న 2003లో ఒక ఫొటో స్టూడియో ఆయన దగ్గర దీన్ని 95 వేలకి కొన్నాడు. వారంలో ఆరు రోజులు మా కొట్టుకి సామాను, ఆదివారం వెనక సీటు బిగించి మేము. సామాను బండిగా పుట్టినందుకు ఆ రెండు పనులూ దానికి సరిగ్గా సరిపోయాయి. వెనక చక్రాలకి లారీలకి ఉన్నట్టు కమాన్ పట్టీలు. బస్తాలు వేస్తే బుద్ధిగా నడుస్తుంది, ఖాళీగా ఉంటే గంతులేస్తుంది.

ఇక రెండో సంగతి, న్యూయార్కు హోటలు. 1985 సెప్టెంబరు 22న అక్కడి ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ తగ్గించాలని తీర్మానించారు. అప్పటికి డాలరుకి 240 యెన్ల దాకా వచ్చేవి. రెండేళ్ళు తిరక్కుండానే అది 150 దగ్గరికి పడింది. అంటే జపాన్ నుంచి తెచ్చుకునే ప్రతి ముక్కా మారుతీకి ఒక్కసారిగా ఖరీదైపోయింది. విడిభాగాలు మెల్లమెల్లగా ఇక్కడే తయారుచెయ్యాలన్న షరతు ఎలాగూ ఉంది. యెన్ దెబ్బతో ఆ "మెల్లమెల్లగా" కాస్తా "వెంటనే" అయ్యింది. మారుతీయే వాటాలు పెట్టి కొన్ని విడిభాగాల కంపెనీలని నిలబెట్టింది. జపాన్ కంపెనీలకీ ఇక్కడి కంపెనీలకీ పొత్తులు కుదిర్చింది.

దీనికీ మా వ్యానుకీ ఏంటి సంబంధం అంటారా? సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడికి అసలు భయం కొనేటప్పటి ధర కాదు, ముక్కలు. క్లచ్ ప్లేటు పోతే ఎక్కడ దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది అన్నదే. ముక్క జపాన్ నుంచి రావాల్సి ఉంటే ఓమ్నీ పదేళ్ళకే మూల పడేది. ఇక్కడే తయారవ్వబట్టి విజయవాడ ఆటోనగర్లో ఒరిజినల్ దొరుకుతుంది, అది వద్దంటే లోకల్ దొరుకుతుంది, అదీ వద్దంటే పాత బండిలోంచి విప్పింది దొరుకుతుంది. మూడు ధరలు, మూడు రకాల మన్నిక, ఎవరి జేబుని బట్టి వాళ్ళకి.

దీనికి తోడు ఇంకోటి కలిసొచ్చింది. జపాన్‌లో ఆ క్యారీ మోడల్ని 1985లోనే మార్చేసి కొత్తది తెచ్చారు. మనం మాత్రం దాన్నే 2019 దాకా చేస్తూ పోయాం. హెడ్‌లైట్లు మార్చారు, ముందు గ్రిల్లు మార్చారు, కార్బ్యురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ పెట్టారు, లోపల ఎముకల గూడు అదే. 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ని 2014 దాకా లాగినట్టే. పాత మోడళ్ళు మనకి అంటగట్టారని మనం తిట్టుకున్నాం. ఆ తిట్టులో న్యాయం ఉంది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, సెకండ్ హ్యాండ్ వాడికి మాత్రం అది వరం. పదేళ్ళ తర్వాత వచ్చిన బండి తలుపు రోలరు మా 97 మోడల్‌కి పట్టింది. మా భాషలో చెప్పాలంటే ముప్ఫై అయిదేళ్ళ బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిందో చెప్పండి చూద్దాం!

మూడోది మెకానిక్కులు. నాన్న దగ్గర వ్యాను ఖర్చులకి విడిగా ఒక పుస్తకం ఉంది. (కొట్టు లెక్కలు రాసే అలవాటు.) పోయిన సంక్రాంతికి దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాను. ఇరవై రెండేళ్ళలో పెట్రోలూ ఇన్సూరెన్సూ కాకుండా రిపేర్లకీ, టైర్లకీ, బ్యాటరీలకీ కలిపి మూడు లక్షల పన్నెండు వేలు. నెలకి పన్నెండొందలు కూడా పడలేదు. 2009లో ఇంజను బోరుకొచ్చింది, ఆయిలు తాగడం మొదలెట్టింది. పిస్టన్లు, రింగులు, లేత్ పని అన్నీ కలిపి 18 వేలు. రెండుసార్లు టింకరింగు, పెయింటు. తలుపు కింద తుప్పు పట్టిన రేకు కోసేసి కొత్తది అతికారు. రేడియేటరు మూడుసార్లు. కమాన్ పట్టీలు మాత్రం లెక్కలేదు. బస్తాలు ఎక్కువేసినప్పుడల్లా ఒక పట్టీ విరిగేది.

ఈ పద్దులన్నీ చూస్తుంటే ఒక సంగతి తట్టింది. పుస్తకంలో ఎక్కడా "బండి మార్చాలి" అన్నంత పెద్ద ఖర్చు ఒక్కసారిగా రాలేదు. ఎందుకంటే ప్రతి ముక్కనీ విడిగా విప్పొచ్చు. డ్రైవరు పక్క సీటు ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. కార్బ్యురేటరు విప్పి, పెట్రోల్లో కడిగి, గాలి కొట్టి బిగిస్తే మళ్ళీ పనిచేస్తుంది. ఒక పెద్ద సర్వీసు సెంటరుకి 2018లో తీసుకెళ్తే "ఇంజను అసెంబ్లీ మొత్తం మార్చాలి, అంత పెట్టే కన్నా అమ్మెయ్యండి సార్" అన్నారు. మా మెకానిక్ బాబాయ్ దగ్గరికి తెస్తే ఒక చెవి పెట్టి విని, "అన్నయ్యా, వాల్వులు సెట్ చేస్తే సరిపోద్ది, సాయంత్రం వచ్చి తీస్కెళ్ళు" అన్నాడు. ఏడేళ్ళయింది, నడుస్తూనే ఉంది. బాబాయ్ ఏమీ మాయ చెయ్యలేదు. ఆయన వందల ఓమ్నీలు విప్పాడు, అన్నిట్లోనూ ఒకటే ఇంజను. పాఠం మారకపోతే పిల్లాడికి కంఠతా వచ్చినట్టు ఊరూరా మెకానిక్కులకి ఈ బండి వచ్చేసింది.

నాలుగోది చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 41వ సెక్షను ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత బండి బాగుంటే అయిదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. చాలామంది "పదిహేనేళ్ళకి బండి చచ్చిపోతుంది" అనుకుంటారు గానీ చట్టం అలా అనలేదు. పదిహేనేళ్ళకి ఒకసారి చూపించు అంది, అంతే. వయసు పరీక్షకి పిలిచే గంట మాత్రమే, తీర్పు పరీక్షదే.

ఇదీ కథ. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మా వ్యాను 2010 దాటేది కాదని నా అభిప్రాయం. ఇప్పుడు సమస్య ఏంటంటే, ఈ నాలుగు కాళ్ళూ ఒక్కోటీ ఊడుతున్నాయి.

2019లో ఓమ్నీ తయారీ ఆగిపోయింది. ఆ ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి, అక్టోబరు నుంచి పాత మోడళ్ళకి కూడా గుద్దుడు పరీక్ష తప్పనిసరి. ముక్కు లేని బండి ఆ పరీక్ష ఎలా పాసవుతుంది? ముక్కలు ఇప్పటికీ దొరుకుతున్నాయి గానీ ఇక కొత్త బళ్ళు రావు కాబట్టి ఆ చెరువుకి నీళ్ళొచ్చే కాలవ మూసుకుపోయినట్టే.

తర్వాత పెట్రోలు. 2025కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరు గొట్టాలనీ గాస్కెట్లనీ పాడుచేస్తుంది. మా 97 కార్బ్యురేటరు తయారు చేసినవాళ్ళు దీన్ని కల్లో కూడా ఊహించలేదు. బాబాయ్ గొట్టాలన్నీ మార్చి పెట్టాడు.

ఇక చట్టం. అక్షరం మారలేదు, ఫీజు మారింది. 2017లో మా రెన్యువల్ ఫీజు 600. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకి అది 5,000 అయ్యింది. ఇరవై ఏళ్ళు దాటిన బళ్ళకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పదేళ్ళలో ఆరొందల నుంచి పదివేలు! ఢిల్లీ చుట్టుపక్కలైతే 2018లో పరీక్ష అన్న మాటే లేకుండా చేశారు. పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళూ, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళూ తిరక్కూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 29న చెప్పింది. అలాంటి బళ్ళకి బంకుల్లో పెట్రోలు పొయ్యొద్దన్న రూలు 2025 జులై 1న మొదలుపెట్టి, జనం గోల చేస్తే కొద్ది రోజులకే ఆపారు. మా వ్యాను పుట్టింది గుర్గాఁవ్‌లో. అదీ ఢిల్లీ పరిధిలోదే. 2018 మాట ప్రకారం చూస్తే దానికి పుట్టింటికి వెళ్ళే అర్హత కూడా లేదు.

ఇంతవరకూ చదివి నేను నాన్న పార్టీ అనుకోకండి. అవతలి పక్షం వాదన కూడా గట్టిదే, మా చెల్లి దాన్ని బాగానే వాదించింది. మొదటిది ప్రాణం. ఓమ్నీ ముందు సీట్లో కూర్చున్నవాడికీ ఎదురొచ్చే లారీకీ మధ్య ఒక రేకూ, ఒక అద్దం. ఎయిర్ బ్యాగు లేదు, నలిగి దెబ్బని తీసుకునే ముందు భాగం లేదు. ఎంత బాగా చూసుకున్నా ఈ లోపం పోదు, ఎందుకంటే అది అరుగుదల కాదు, పుట్టుక. 3.2 మీటర్ల పన్ను ఆదాకి మన మోకాళ్ళు తాకట్టు పెట్టాం.

రెండోది పొగ. కొత్త పెట్రోలు కార్లకి క్యాటలిటిక్ కన్వర్టరు 1995 ఏప్రిల్లో నాలుగు మహానగరాల్లో తప్పనిసరి చేశారు. మా బండి గుంటూరుది, దానికి లేదు. సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చిందే 2000 ఫిబ్రవరిలో. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారా? ఆ పరీక్షలో మా వ్యాను కాలం బండికి కార్బన్ మోనాక్సైడు 3 శాతం దాకా ఉండొచ్చు. బీఎస్ 4 కారుకి హద్దు 0.3 శాతం. అంటే పాసైన పాత బండి, పాసైన కొత్త బండి కన్నా పదిరెట్లు వదలొచ్చు. "కాగితం ఉంది" అన్న నాన్న మాట ఇక్కడ చెల్లదు.

కాబట్టి నా తీర్పు ఇది. కుటుంబం ఇక ఆ వ్యానులో హైవే ఎక్కకూడదు. అమ్మా చెల్లీ గెలిచారు. కొట్టు సామానుకి ఊళ్ళో రోజుకి అయిదారు కిలోమీటర్లు తిరగడానికి మాత్రం ఉంచొచ్చు. అంత కొద్ది తిరుగుడుకి కొత్త బండి తయారుచెయ్యడానికి పట్టే ఇనుమూ కరెంటూ లెక్కేస్తే పాతదే మేలు. 2027లో పదివేలు కట్టి పరీక్షకి తీసుకెళ్దాం అన్నాను. సామాను బండిగా పుట్టింది, మళ్ళీ సామాను బండి అవుతుంది.

కానీ ఆ పరీక్ష గురించే నా అసలు బాధ. 2022లో మా బండికి చాసిస్ నంబరు చూశారు, లైట్లు వేయించారు, హారను కొట్టించారు. పది నిమిషాల్లో అయిపోయింది. బ్రేకు ఎంత పట్టుతోందో, తుప్పు ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. పరీక్ష ఇలా ఉంటే వయసుని బట్టి నిషేధించడమే తేలిక అని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పుడు నష్టపోయేది బండిని బాగా చూసుకున్నవాడు. పన్నెండేళ్ళకే పొగ చిమ్మే బండి దర్జాగా తిరుగుతుంది, పదహారేళ్ళ మంచి బండి తుక్కుకి పోతుంది. పదివేలు తీసుకోండి, కాదనను. కానీ పదివేల రూపాయల పరీక్ష పెట్టండి. బండిని యంత్రాల మీద ఎక్కించి పరీక్షించే స్టేషన్ల గురించి ప్రభుత్వమే చెబుతోంది కదా, వాటిని జిల్లా జిల్లాకీ తెచ్చి, ఫెయిలైతే ఏ వయసు బండినైనా ఆపండి.

ఇంకొక్క మాట, ఇది కొత్త కార్లు కొనేవాళ్ళకి. న్యూజెర్సీలో మా పెద్దమ్మ కొడుకు 2011 టయోటా సియెన్నా మినీవ్యాన్ సెకండ్ హ్యాండ్‌లో కొని ఇప్పటికీ నడుపుతున్నాడు. దాని జబ్బులు తెలుసుకోవడానికి స్టీరింగు కింద సాకెట్లో ఒక చిన్న పరికరం పెడతాడు, ఫోన్లో కోడు కనిపిస్తుంది. ఆ సాకెట్ అక్కడ 1996 మోడళ్ళ నుంచి చట్టప్రకారం తప్పనిసరి. అదీ చాలక, కంపెనీలు రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకి కూడా ఇచ్చి తీరాలని 2012లో మసాచుసెట్స్ ఓటర్లు ఓటేసి మరీ చట్టం తెచ్చుకున్నారు. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది, అందులో బళ్ళు కూడా ఉన్నాయి. పోర్టల్ చట్టం కాదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. మా వృత్తిలో ఏ వస్తువూ అరిగిపోయి చావదు. "ఇకమీదట సపోర్టు లేదు" అని ఎవరో ఒక మెయిలు పంపితే చస్తుంది. ఇవాళ్టి కార్లలో ఇంజనూ, బ్రేకులూ, తాళం చెవీ అన్నీ సాఫ్ట్‌వేర్ చేతుల్లోకి వెళ్తున్నాయి. బాబాయ్ పానాలు వాటిని విప్పలేవు. మీరు ఈ ఏడాది కారు కొంటుంటే మైలేజీ ఎంత, ఎయిర్ బ్యాగులు ఎన్ని అని ఎలాగూ అడుగుతారు. దాంతో పాటు, పదిహేనేళ్ళ తర్వాత దీన్ని మా ఊళ్ళో ఎవరు విప్పగలరు అని కూడా అడిగి చూడండి. షోరూం వాడు ఏం చెప్తాడో నాకూ వినాలనుంది.